భుజాలకు దూది

చొక్కా భుజాల్లో దూది పెట్టి కుట్టమన్నారు మా ఆయన. వీధి వీధంతటికీ జాకెట్లు కుట్టేదాన్ని, దూది కుట్టడం నాకో లెక్కా? కాకపోతే ఇన్నాళ్ళూ ఆయన చొక్కాలకు నేను చేసిన పని కుట్లు విప్పడమే. జిమ్ పెట్టి, పోటీల కోసం కండ పెంచే ఇంజెక్షన్లు మొదలెట్టాక ఆయన ఏ చొక్కాలోనూ పట్టలేదు. చంకల కింద విప్పి గుడ్డ జోడించేదాన్ని. ఇంట్లో ఇద్దరికీ సూదే ఆధారం: నా సూది పొట్ట నింపేది, ఆయన సూది కండ నింపేది. కాలర్ బొత్తాం పట్టకపోతే, మగాడంటే ఇలా ఉండాలని మురిసిపోయేవారు. ఛాతీ చుట్టూ టేపు తిప్పడానికి ఆయన్ని వాటేసుకోవాల్సి వచ్చేది. మా కాపురంలో చివరికి మిగిలిన కౌగిలి అదొక్కటే.

మందు బలానికన్నారు; జిమ్‌లో కుర్రాళ్ళ మందబలమూ చేరింది. కండతోపాటు కోపమూ పెరిగింది. చొక్కాకైతే కుట్లు విప్పొచ్చు, కోపానికి విప్పలేక నేను పళ్ళు బిగించాను. పిల్లలు పుట్టలేదు. అత్తయ్య నన్ను పరీక్షలకు తిప్పారు. నాలో ఏ లోపమూ లేదని చెప్పినా ఆవిడ చెవికెక్కలేదు. "నా కొడుకు సింహంలా ఉన్నాడు, వాడికేం తక్కువ?" అని చుట్టాల ముందే అనేవారు. ఆ సింహం ఒక్కసారీ పరీక్షకు రాలేదు. ఆ మందులు సంతానం ఆశను కూడా ఎండగడతాయని ఆర్నెల్ల కింద గుండె డాక్టరమ్మ చెబితే తెలిసింది. నేను తిన్న చీవాట్లన్నీ ఆవిడ ఎదుట కుర్చీలో కూర్చునే నెమరేసుకున్నాను.

ఆయన జిమ్ మెట్లమీద ఊపిరాడక కూలబడితే ఆవిడ దగ్గరికి తీసుకెళ్ళాం. గుండె కండరం దళసరెక్కి, గుండె సాగి, నీరసించిందట. తన కొడుకుది పెద్ద గుండె అని అత్తయ్య చెప్పుకునే గొప్ప స్కానింగులో నిజమై కూర్చుంది.

"మళ్ళీ ఆ సూది పడితే నా దగ్గరికి తీసుకురావడానికి కూడా మిగలడమ్మా" అన్నారు డాక్టరమ్మ.

మానేశారు. కండ కరిగింది. అందుకే ఈ దూది. రేపు కొత్త బ్యాచ్ చేరుతుందట, తననిలా చూస్తే ఒక్కడూ నిలవడట. వాళ్ళకీ అవే మందులా అని అడిగాను. అడిగినవాళ్ళకి ఇస్తానన్నారు, నన్ను మాత్రం అడగొద్దన్నారు. వాడి పరువు నీ చేతుల్లోనే ఉందే అని అత్తయ్య పక్కనుంచి అందించారు.

నిజమే. ఆ పరువును విప్పుతూ, అతుకుతూ వచ్చింది నేనే. ఒక్కనాడైనా కత్తెర పక్కన పెట్టి, ఎందుకండీ ఇంతలా పెరుగుతున్నారు అని అడిగి ఉంటే? వినేవారు కాదేమో. అయినా అడిగి ఉండాల్సింది.

పొద్దున చొక్కా ఇచ్చాను. తొడుక్కుని అద్దంలో చూసుకున్నారు. ఉన్న ఒంటికి ఉన్నట్టు అతికింది. భుజాలు తడుముకున్నారు.

"దూదేదే?"

"పెట్టలేదండీ."

"అందరికీ తెలిసిపోతుంది."

"తెలియాలనే కుట్టాను. ఆ పిల్లల ఇళ్ళలోనూ కుట్లు విప్పే ఆడవాళ్ళుంటారు."

ఆయన మంచం మీద కూర్చుండిపోయారు. నేను చెప్పులు వేసుకున్నాను.

"పదండి, మెట్ల దగ్గర చెయ్యిస్తాను. లోపల ఆ పిల్లలకు మాత్రం, ఆ సూది మిమ్మల్నేం చేసిందో మీరే చెప్పాలి. మీరు చెప్పకపోతే నేను చెబుతాను."