ఒక్కటే తాళంచెవి

నల్లకోటుకు ఊడిన బొత్తాం కుట్టుకోవాలి. జవాబు దావాకు ఇంకొక నకలు తీయించాలి. సింహాచలం బాబాయిని భోజనం చేసి రమ్మనాలి, ఖాళీ కడుపుతో బోనెక్కితే తడబడతాడు. సాయంత్రం తాళంచెవి మరిచిపోకుండా వెనక్కి తీసుకోవాలి.

ప్లీడరు తవిటమ్మ గారు ఈ పనులన్నీ ఒక చీటీ మీద రాసుకుని, ఆ చీటీలోనే నన్ను చుట్టి కోర్టుకు పట్టుకెళ్లారు. ఆఖరిది తప్ప అన్నీ ఆ రోజే అయిపోయాయి. ఆఖరిదానికి పదకొండేళ్లు పట్టింది.

నేను ఒక ఇత్తడి తాళంచెవిని. కంచరి వీధిలో ఒక ముసలాయన నన్ను ఆకురాయితో అరగదీసి, సాలిపేట పఠనాలయం తాళంకప్పకు సరిపోయేలా మూడు పళ్లు తీర్చాడు. నాతోపాటు పుట్టిన రెండో చెవి మొదటి ఏడాదే నూతిలో పడిపోయింది. అప్పటినుంచి నా చోటు సింహాచలం మొలతాడు. మగ్గం దిగి, సాయంత్రం నాలుగింటికి గది తెరవడం అతను తనకు తానే పెట్టుకున్న పని.

ఇంట్లో మగ్గానికి తప్ప మనుషులకు చోటు లేక, తవిటమ్మ గారు ఆ గదిలోనే చదువుకున్నారు. సాలిపేటలో మొదటి డిగ్రీ ఆవిడదే. లా చదివాక ఎప్పుడూ ప్రతివాదుల వైపే నిలబడ్డారు. "దావా వేసినవాడికి ఏం కావాలో వాడికి తెలుసు. సమను అందుకున్నవాడికి ఆ కాగితం ఏమిటో కూడా తెలీదు" అనేవారు. శనివారాలు మాత్రం మధ్యాహ్నమే పఠనాలయం తెరిపించి కూర్చుని, ఎవరికి ఏ కోర్టు కాగితం వచ్చినా చదివి అర్థం చెప్పేవారు.

చివరికి ఆ గదికే సమను వచ్చింది. స్థలం ఇచ్చిన దాత మనవడు, గది తన స్వాధీనంలోనే ఉందని దావా వేశాడు. తవిటమ్మ గారు సింహాచలాన్ని బోనెక్కించి, చీటీ విప్పి నన్ను చూపించారు.

"ఈ గదికి తాళంచెవులు ఎన్ని?"

"ఒక్కటేనండి. నా మొలకే ఉంటాది. నిన్న తమరే అడిగి పట్టుకెల్లినారు కదా."

కోర్టంతా నవ్వింది. నవ్వినా, మాట నిలబడింది. చెవి ఎవరిదో గది వాళ్ల స్వాధీనంలో ఉన్నట్టేనని అప్పటికి తేలింది. గుమస్తా నా మెడకు దారం కట్టి, సాక్ష్యం గుర్తుగా బి-7 అని చీటీ తగిలించాడు. కేసు తేలేదాకా తలుపుగానీ తాళంగానీ ఎవరూ మార్చకూడదని ఉత్తర్వు కూడా వచ్చింది.

సాయంత్రం ఆవిడ నన్ను తిరిగి ఇమ్మని గుమస్తాను అడిగారు.

"మార్కు పడిపోయింది కదా మేడమ్. ఇక ఇది మీది కాదు, రికార్డుది" అన్నాడు గుమస్తా.

అవతలి ప్లీడరు వెళుతూ వెళుతూ అన్నాడు. "ఒక్కటే చెవన్నారు తవిటమ్మ గారూ. ఇంకోటి పుట్టించకండి మరి."

తలుపు తెరవడానికి పుట్టినదాన్ని. ఆ తలుపు మాదేనని రుజువు చేసినందుకు కవరులో పెట్టి లక్క వేశారు. మనుషుల న్యాయం తెలివైనదే, కాకపోతే దానికి చేతులు తక్కువ.

వాయిదా వాయిదాకు కవరు బల్ల మీదికొచ్చేది. ఆవిడ కాగితం పైనుంచే నన్ను వేలితో ఒత్తి చూసుకునేవారు. వెనక బెంచీ మీద సింహాచలం ఉండేవాడు.

"ఎప్పుడు తెరుస్తామమ్మా?"

"ఇంకొక్క వాయిదా బాబాయ్."

ఏళ్లు గడిచేకొద్దీ ఆ జవాబు చెప్పే గొంతు తగ్గిపోయింది. పక్క వీధిలో పది నిమిషాల్లో ఇంకో చెవి చేయిస్తానన్నాడు ఆవిడ జూనియరు. "ఒక్కటేనని బాబాయి చేత ప్రమాణం మీద చెప్పించింది నేను. రెండోది చేయిస్తే ఆయన్ని అబద్ధాలకోరును చేసినట్టు" అన్నారు ఆవిడ. శనివారాలు మాత్రం మానలేదట. గది బయట అరుగు మీదే కూర్చుంటున్నారని సాక్షులు మాట్లాడుకుంటుంటే విన్నాను.

ఆరో ఏట గెలిచారు. అప్పీలు పడింది. కేసు కాగితాల కట్టతోపాటు నేనూ పై కోర్టుకు వెళ్లాను. పదో ఏట ఒక వాయిదాకు వెనక బెంచీ మీద సింహాచలం చోటు ఖాళీగా ఉంది, ఆ ప్రశ్న రాలేదు. ఆవిడ కవరు మీద వేలు పెట్టి, చాలాసేపు తీయలేదు.

అప్పీలూ గెలిచాక, సంతకం చేసి నన్ను విడిపించుకున్నారు. పదకొండేళ్ల తుప్పు కదా అని సాలిపేటవాళ్లు సుత్తి తెచ్చి పెట్టుకున్నారు. ఆవిడ వాళ్లను ఆగమన్నారు. నన్ను పెట్టారు. తిప్పారు.

నిన్న మూసినట్టే తెరుచుకుంది.

అందరూ తాళంకప్ప వైపు చూశారు. దాని కింద చెక్క మీద జిడ్డు చార నల్లగా గడప దాకా దిగి ఉంది.

"శనివారం పొద్దున్నే మగ్గం నూనె రెండు చుక్కలు ఏసీవోడు" అంది సింహాచలం భార్య నూకాలు. "తెరవని తాళానికి నూనేటని నవ్వీదాన్ని. తవిటమ్మ చెవి తెస్తానంది, తెచ్చిన్నాడు తిరగాల కదా, అనీవోడు."

"నాకెప్పుడూ చెప్పలేదు పిన్నీ."

"నువ్వు మద్దేనం కదమ్మా వచ్చీదానివి."

తవిటమ్మ గారు గడప మీద కూర్చుండిపోయారు.

లోపల కింది అరల పుస్తకాలు చెదలపాలయ్యాయి. పై అరలవి మిగిలాయి. గదికి ఇప్పుడు మూడు చెవుల కొత్త తాళం. నేను ఆవిడ బల్ల సొరుగులో ఉంటాను. మెడకు బి-7 ఇంకా ఉంది.

తీర్పు మీద ఆవిడ పేరుంది. అతన్ని మాత్రం ప్రతివాదుల ఒకటో సాక్షి అన్నారు, అంతే. మీరు ఎప్పుడైనా ఆ పై అరలోంచి పుస్తకం తీస్తే, తెరుచుకోని తాళంలో పదేళ్లు నూనె వేసిన సింహాచలాన్ని ఒక్కసారి తలుచుకోండి.