చివరి మడి వాళ్ల ఆట

పదేళ్ల వేడుక కోసం కంపెనీ అచ్చువేసిన చరిత్ర పుస్తకాన్ని కృపారాణి మైదుకూరులో బస్సెక్కాక తెరిచింది. కడప చేరేలోపు రెండుసార్లు చదివింది.

'పినాకిని ఆటలు' సంస్థ ఎలా పుట్టిందో అందులో రాశారు. యజమాని భూపేష్ తాతగారు కాలువ మీద పెత్తనం చేసిన పెద్దమనిషట. ఆయన నీళ్ల తగాదాలు తీరుస్తుంటే చూసి మనవడికి 'చివరి మడి' ఆట తట్టిందట.

పచ్చి అబద్ధం. భూపేష్, ఆమె డిగ్రీలో కలిసి చదివారు. ఆ ఆటను ఆమె సిమెంటు సంచి కాగితం మీద గీసి, చింతగింజలతో ఆడి చూసింది. ఆమె తండ్రి ఏసురాజుకు కాలువ చివర ఎకరన్నర ఉండేది. పైవాళ్లు తూము మూసేసిన ప్రతిసారీ ఎండింది ఆయన చేనే. "కడాన ఉన్నోడే ముందు ఆడాల పాపా. ఆటలోనన్నా మనకు నీళ్లు ముందు రానీ" అన్నాడాయన. ఆ ఒక్క నియమంతోనే ఆట నిలబడింది. పైవాడి చేతిలో నీళ్లు, కిందివాడి చేతిలో మొదటి ఎత్తు. ఇద్దరూ బేరమాడక తప్పదు.

అచ్చు వేయించింది, ఊరూరా తిరిగి అమ్మింది భూపేషే. దాన్ని ఆమె ఏనాడూ కాదనలేదు. కానీ ఆ తర్వాత వచ్చిన ఆరు ఆటలకూ బుర్ర బద్దలుకొట్టుకున్నది ఆమె. తండ్రి పోయి రెండేళ్లయింది. ముప్పై రెండు పేజీల్లో ఆయన పేరు ఒక్కచోటా లేదు.

కడపలో వేడుక జరిగే హాల్లో బల్ల మీద 'చివరి మడి' కొత్త పెట్టెలు పేర్చి ఉన్నాయి. ఒకటి విప్పి నియమాల కాగితం చూసింది. 'మొదటి మడివారు మొదట ఆడాలి.' ఆమెకు ఒళ్లు మండిపోయింది. నేరుగా భూపేష్ దగ్గరికి నడిచింది.

"ఏమప్పా భూపేషూ, మా నాయిన పేరు యాడ?"

"నీ పేరుండాది గదా కృపా, చివరి పేజీలో. సహకరించినోళ్లలో."

"నియమమెందుకు మార్చినావు?"

"కొనేటోళ్లకు శానా తికమకగా ఉండాదంట. ఆటే గదా, ఎందుకింత కోపం?"

"ఆటే. అయితే ఆడు రా. చివరి మడి నీది."

వేడుకకు వచ్చిన దుకాణాలవాళ్లు చుట్టూ మూగారు. ఇక కాదనలేక కూర్చున్నాడు. మొదటి మడి తీసుకున్న కృపారాణి తొలి ఎత్తులోనే తూము మూసింది. మూడో ఎత్తుకల్లా భూపేష్ పైరంతా పోయింది. కర్నూలులో ఆటవస్తువుల దుకాణం నడిపే గోపన్న అదే చోట కూర్చుని ఆడాడు. ఆయనా ఓడిపోయాడు.

"ఈడ కూచున్నోడు ఎట్ల గెలుస్తాడప్పా? దీన్ని నేనెట్ల అమ్మేది?" అన్నాడు గోపన్న.

భూపేష్ ముఖం కందిపోయింది. "నలుగురిలో నా పరువు తీస్తాండావు. మీ నాయినకేం తెలుసు ఆటల సంగతి? కూలికి పోయే మనిషి!"

"కూలికి ఎందుకు పోయినాడో మీ తాతనడుగు," అంది కృపారాణి. గొంతు పెంచలేదు. "నేను గీసిన ఏడాటల కాగితాలూ తారీకులతో నా దగ్గరుండాయి. ఇంకో ఆట నాచేత చేయించుకోలేవు."

ఆమె బయటికి నడిచింది. ఎవరూ ఆపలేదు.

నెల తిరిగేలోపు దుకాణాలవాళ్లు కొత్త పెట్టెలు వెనక్కి పంపారు. భూపేష్ పాత నియమాన్ని మళ్లీ అచ్చువేయించాడు, కింద 'ఈ నియమం ఏసురాజుగారిది' అని చేర్చి. ఆ రోజే ఫోన్ చేశాడు.

"పేరు వేసినాం కృపా. వచ్చేయ్ ఇంక."

"వేయాల్సిందే వేసినావు. దానికి నేను దండం పెట్టాల్నా? పుస్తకంలో రాసిన అబద్ధం అట్లనే ఉండాది. నేను రాను."

వేంపల్లెలో స్నేహితురాలు జెస్సీ నడిపే చిన్న అచ్చాఫీసులో నిలబడి మాట్లాడుతోందామె. ఫోన్ పెట్టేసినా చెంపల మంట తగ్గలేదు. కత్తెర తీసుకుని కొత్త ఆటకు అట్ట కోయసాగింది. కోపం చల్లారనీ, అప్పుడు కోద్దువులే అంది జెస్సీ. చల్లారదులే అంటూ కృపారాణి గీత మీదుగా తిన్నగా కోసుకుపోయింది.