చాముండేశ్వరి ఊపిరి వెళ్ళిన దారి

ఒక ప్రశ్న అడుగుతాను, ఆలోచించి చెప్పండి. గది నిండా దీపాలు వెలుగుతున్నాయి. ఒక్కటీ రెపరెపలాడటం లేదు, బొమ్మలో గీసినట్టు నిలబడి ఉన్నాయి. దాన్నిబట్టి ఆ గది గురించి మనకేం తెలుస్తుంది?

"ఇట్స్ ప్రెట్టీ" అంటావా ఇషితా? సరే, అందంగానే ఉంది. తనీష్, నువ్వు? "నో విండ్." ఆఁ, అదీ! గాలి కదలడం లేదు. ఇంక వినండి.

కెనడాలో మిస్సిసాగా అనే ఊళ్ళో, ఒక టౌన్‌హౌస్‌లో చాముండేశ్వరి, రాజగోపాల్ అని భార్యాభర్తలుండేవాళ్ళు. కొడుకూ కోడలూ పొద్దున్నే కార్లో 401 హైవే ఎక్కితే మళ్ళీ సాయంత్రానికే రావడం. మనవడు చింటుని వీళ్ళే చూసుకునేవాళ్ళు. వాడికింకా తట్టు టీకా వేసే వయసు రాలేదు. బేస్‌మెంట్‌లో హర్షిణి అనే అమ్మాయి అద్దెకుండేది. కరీంనగర్ పిల్ల. కాలేజీలో చదువుకుంటూ, ఖాళీ దొరికితే పైకొచ్చి చింటుని ఎత్తుకునేది.

చాముండేశ్వరి ఊపిరి కనిపించేది. ఈ దేశం వచ్చిన మొదటి జనవరిలో, ఎయిర్‌పోర్టు తలుపు దాటగానే అందరికీ వచ్చినట్టే ఆవిడ నోట్లోంచీ తెల్లటి ఆవిరి వచ్చింది. మిగతావాళ్ళది కారెక్కగానే పోయింది, ఆవిడది పోలేదు. ఇంట్లోనూ, జూలై ఎండల్లోనూ సాంబ్రాణి పొగలా పలచగా వస్తూనే ఉండేది. ఇండియన్ స్టోర్ కౌంటర్లో అమ్మాయి ఆవిడ వెళ్ళాక స్క్రీన్ తుడుచుకునేది. రాజగోపాల్ కళ్ళజోడు తుడుచుకునేవాడు. అంతే.

ఆ ఏడు కార్తీక పౌర్ణమికి కాలనీ పార్టీ రూమ్‌లో దీపాలు పెట్టుకున్నారు. గోడమీది జాలీలోంచి హీటింగ్ గాలి రివ్వున కొట్టి దీపాలు ఆర్పేస్తోంది. పౌర్ణమి దీపం మధ్యలో కొండెక్కితే ఎలా? చాముండేశ్వరి పాత చీర చింపి, రాజగోపాల్‌ని స్టూలెక్కించి, ఆ జాలీకీ, ఎదుటి గోడకున్న, గాలిని బయటికి లాగే జాలీకీ ప్యాకింగ్ టేపుతో అంటించేసింది. కిటికీలు ఎలాగూ మూసే ఉన్నాయి. దీపాలెంత చక్కగా నిలిచాయో అని వచ్చినవాళ్ళంతా ఫొటోలు తీసుకున్నారు.

రెండు వారాలు తిరిగేసరికి తట్టు వచ్చింది. మీరు మీజిల్స్ అంటారే, అది. ముందు జ్వరం, దగ్గు, ఎర్రటి కళ్ళు. ఆ తర్వాత ఒళ్ళంతా దద్దుర్లు. హర్షిణికీ చింటుకీ ఒక్కరోజే వచ్చాయి. ఇంకా కొన్ని ఇళ్ళలోనూ వచ్చింది, కానీ ఎవరూ బయటికి చెప్పలేదు. ఒకావిడ ఎలర్జీ అంది. ఇంకొకాయన కొత్త సబ్బు పడలేదన్నాడు. హర్షిణి ఒక్కతే డాక్టరుకి ఫోన్ చేసి ఉన్నమాట చెప్పింది. అంతే, ఆ పిల్లే తెచ్చిందని కాలనీ తేల్చేసింది.

ఇక్కడ కాస్త ఆగండి. మొదట చెప్పినవాళ్ళే మొదట తెచ్చినవాళ్ళు కావాలనేముంది? క్లాసులో కిటికీ అద్దం పగిలిందని వచ్చి చెప్పిన పిల్లాడే దాన్ని పగలగొట్టాడంటామా? కానీ చింటు ఆస్పత్రిలో ఆక్సిజన్ మీద ఉంటే చాముండేశ్వరికి ఇదంతా ఎలా తోస్తుంది?

పిల్లాడు గండం గడిచి ఇంటికొచ్చాడు. హర్షిణి కూడా కోలుకుంది, ఇంక తన నుంచి ఎవరికీ అంటదని డాక్టరు చెప్పాడు. అయినా చాముండేశ్వరి మెట్ల మీంచే అంది: "నెలాఖరుకి ఖాళీ చెయ్యమ్మా."

"ఆంటీ, నేను ఇండియా నుంచి వచ్చి ఏడాదైంది. నేనెట్ల తెస్త?"

"కాలేజీలో అంటించుకొచ్చుంటావు. మా ఇంటివాళ్ళు కాక వాణ్ణి ఎత్తుకునేది నువ్వొక్కతివే."

డిసెంబర్ చలి, మీదికొచ్చిన పరీక్షలు. తట్టు పిల్ల అని పేరు పడ్డాక గది ఎవరిస్తారు? అడిగిన ప్రతిచోటా "అయ్యో, ఇప్పుడే ఇచ్చేశామే" అన్నారు.

అప్పుడొచ్చింది వాసవి. అంటురోగాలు ఒకరి నుంచి ఒకరికి ఎలా పాకుతాయో యూనివర్సిటీలో పరిశోధన చేసే అమ్మాయి. తెలుగమ్మాయే. అందుకే ఇంకా అనుమానం. "మనవాళ్ళని పంపిస్తే మనం నోరు జారతామని సర్కారువాళ్ళ ఎత్తు" అన్నారు. జబ్బుపడ్డవాళ్ళ పేరు చెబితే పీఆర్, అదే ఇక్కడ స్థిరపడే అనుమతి, ఆగిపోతుందని ఎవరో వాట్సాప్‌లో పెట్టారు. వాసవికి ప్రతి ఇంట్లో కాఫీ దొరికింది కానీ జవాబు దొరకలేదు.

"పౌర్ణమి రోజు ఎవరెక్కడ కూర్చున్నారు ఆంటీ?"

"గుర్తు లేదమ్మా."

"దగ్గుతున్నవాళ్ళెవరైనా వచ్చారా?"

"నవంబర్లో ఈ దేశంలో దగ్గనిదెవరు?"

రాజగోపాల్ కన్నార్పకుండా టీవీ చూస్తున్నాడు. టీవీ ఆపేసి ఉంది. వాసవి అది గమనించింది. "పోనీ, ఒకసారి ఆ గది చూపిస్తారా అంకుల్?" అంది.

పార్టీ రూమ్‌లో జాలీలకి చీరముక్కలు ఇంకా అలాగే ఉన్నాయి. దీపాలు పెట్టిన బల్ల పక్కన ఒక చేతుల కుర్చీ ఉంది. వాసవి చాముండేశ్వరిని అందులో కూర్చోబెట్టి, "హర్షిణి ఎలాంటి పిల్ల ఆంటీ?" అని అడిగింది.

అంతకంటే కావలసిందేముంది! ఆ పిల్ల తిరుగుళ్ళు, స్నేహితులు, తుడవని స్టవ్, అన్నీ ఏకరువు పెట్టింది. చెబుతున్నకొద్దీ ఊపిరి తెల్లగా లేచింది. మిగతాచోట్ల అయితే క్షణంలో చెదిరిపోయేది. ఇక్కడ చెదరలేదు. కప్పుకి తగిలి, పరుచుకుని, మెల్లగా కిటికీ దాకా వెళ్ళి, చల్లటి అద్దం వెంట కిందికి దిగింది. దిగి, నేలకి జానెడెత్తున దుప్పటిలా ఆగిపోయింది.

ఆ రోజు చింటు స్ట్రోలర్ పెట్టింది అక్కడే. పక్కన నేలమీద కూర్చుని వాణ్ణి ఆడించింది హర్షిణి.

చాముండేశ్వరి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"హర్షిణి నుంచి బాబుకి వచ్చుంటే వాడికి ఇంకో పదిరోజులు ఆలస్యంగా వచ్చేది ఆంటీ" అంది వాసవి నెమ్మదిగా. "ఇద్దరికీ ఒక్కరోజే వచ్చిందంటే ఇద్దరికీ ఒకచోటి నుంచే వచ్చింది. గాలి మారని గదిలో, దగ్గిన మనిషి లేచి వెళ్ళిపోయినా ఈ తట్టు గాల్లో నిలిచే ఉంటుంది. ఆ రోజు ఈ కుర్చీలో ఎవరున్నారు?"

గుర్తు లేకపోవడమేమిటి? పెద్దవాడని తనే కూర్చోబెట్టింది. రాజగోపాల్ వాళ్ళన్న వెంకటేశ్వర రావు మాంట్రియల్ నుంచి వచ్చి, దగ్గుతూ దగ్గుతూనే కార్తీక పురాణం చదివి వినిపించాడు.

"ఏవండీ, బావగారిది ఉత్త జలుబే కదా?"

రాజగోపాల్ కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు. ఎంతకీ ఆపడు.

"వెళ్ళిన మర్నాడే దద్దుర్లొచ్చాయి చాముండీ. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు."

"నేను ఆ పిల్లని పొమ్మంటున్నప్పుడు పక్కనే నిలబడ్డారే మీరు!"

ఆయన స్టూలు జరుపుకుని, ఎక్కి, టేపు పీకాడు. కిటికీ కింద ఆగిన తెలుపు కదిలి, లేచి, జాలీలోంచి బయటికి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం హర్షిణి సూట్‌కేసు సర్దుకుంటోంది. మెట్ల మీంచి మనిషికంటే ముందు తెల్లటి ఊపిరి దిగొచ్చింది. ఇవాళే పొమ్మంటుంది కాబోలనుకుని ఆ పిల్ల గబగబా జిప్పు లాగింది.

"ఆ బట్టలు తీసి మళ్ళీ అలమారలో పెట్టు" అంది చాముండేశ్వరి. "నీది కాదు తప్పు. చింటు ఎవరి దగ్గరా ఊరుకోవడం లేదు. ఒకసారి పైకి రామ్మా."

ఏమిటి ఇషితా? "డిడ్ షి సే సారీ?" ఇప్పుడు చెప్పిందేమిటే మరి? ఆ మాట అనకుండానే ఎలా చెప్పిందో మీరిద్దరూ ఆలోచిస్తూ ఉండండి. చిక్కుడుకాయలు సగానికే ఈనెలు తీసి వచ్చాను, మీ అమ్మ వచ్చేలోగా మిగతావి తీసేస్తాను.