దుప్పటికి అవతలి కొస

ఆసుపత్రి కింది అంతస్తులోని లాండ్రీలో దుప్పట్లు ఇద్దరేసి మడత పెట్టాలి. ఎదురెదురుగా నిలబడి, చెరో రెండు కొసలు పట్టుకుని, విదిలించి, బిగించి లాగి, దగ్గరికొచ్చి కలపాలి. ఎక్కువ మాట్లాడదని తోటివాళ్ళు మూగమ్మ అంటూ ఏడిపించే అమ్మాయికి జోడీ ఆమె సొంత పిన్ని. ఆరేళ్ళుగా ఇద్దరిదీ అదే జత. పిన్ని దుప్పటి లాగే తీరుని బట్టే ఆమె హుషారుగా ఉందో, బాబాయితో పోట్లాడి వచ్చిందో అమ్మాయికి తెలిసిపోయేది.

సోమవారం ఆ లాగుడులో పస తగ్గింది. మంగళవారం ఇంకా తగ్గింది. బుధవారం పిన్ని నాలుగు దుప్పట్లకోసారి గోడకి జారబడి దవడ నొక్కుకోసాగింది.

"పైకెళ్ళి చూపించుకుందాం పిన్నీ. గుండె ఏమో..."

"గుండా?" పిన్ని నవ్వింది. "పన్నెండేళ్ళుగా గుండె వార్డు దుప్పట్లు ఉతుకుతున్నదాన్ని, నాకు తెలీదా? ఛాతీ పట్టుకుని, చెమటలు కక్కుతూ వస్తారు. మీ బాబాయికి వచ్చినప్పుడు చూళ్ళేదూ, ఇల్లెగిరిపోయేలా అరిచాడు. నాకెక్కడిదే అంత భోగం! పన్ను సలుపు, వీపు పట్టేసింది, అంతే."

గదిలో అందరూ నవ్వారు. తిట్లు తినడం ఎందుకని అమ్మాయి ఊరుకుంది.

గురువారం మధ్యాహ్నం పిన్ని చేతిలోంచి దుప్పటి జారిపోయింది. మొహం బూడిదరంగుకి తిరిగింది. అమ్మాయి తన కొసలు వదిలేసి, ఆమె జబ్బ పట్టుకుని, గొణుగుతున్నా వినకుండా అత్యవసర విభాగానికి తీసుకెళ్ళింది.

కుర్ర డాక్టరు బీపీ చూశాడు. "ఛాతీలో నొప్పి ఉందా అమ్మా?"

"లేదు బాబూ. కాస్త వికారంగా ఉంది."

"గ్యాస్. పని ఎక్కువై నీరసం. మాత్ర రాస్తాను."

"చెప్పానా?" అంటూ పిన్ని లేవబోయింది. అమ్మాయి ఆమె భుజాల మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది.

"మూడు రోజులుగా ఈవిడ చేతిలో బలం లేదండీ. దవడ నొక్కుకుంటోంది, వీపు పట్టేసిందంటోంది. ఆరేళ్ళలో ఒక్క దుప్పటీ జారవిడవలేదు. ఇవాళ విడిచింది. పరీక్ష చెయ్యందే మేం కదలం."

డాక్టరు ఏదో అనబోయేలోగా పెద్ద నర్సు ఈసీజీ బండి లాక్కొచ్చింది. "ఆడవాళ్ళకి గుండెనొప్పి దవడలోనూ వీపులోనూ కూడా వస్తుంది డాక్టరుగారూ. చూస్తే పోయేదేముంది?"

ఈసీజీలో పెద్ద తేడా కనపడలేదు. నర్సు అంతటితో వదలకుండా రక్తం కూడా తీయించింది. రక్తంలో గుండె దెబ్బతిన్న జాడ కనిపించింది. ఆ ఫలితం చూడగానే కుర్ర డాక్టరు మంచాన్ని తనే తోసుకుంటూ గుండె వార్డుకి పరిగెత్తాడు.

బాబాయి పని బట్టలతోనే వచ్చాడు. "గుండె జబ్బేమిటి? ఛాతీలో నొప్పే లేదే దానికి!"

"అది లేకుండా కూడా వస్తుందండీ," అంది గుండె డాక్టరమ్మ. "మూసుకున్న రక్తనాళం తెరిచాం. ప్రాణానికి భయం లేదు. కానీ గుండె కండ కొంత దెబ్బతింది, అది తిరిగి రాదు. ఎప్పట్నుంచి బాలేదు?"

బాబాయి అమ్మాయి వైపు చూశాడు. అమ్మాయే చెప్పింది. "సోమవారం నుంచి."

"అప్పుడే వచ్చుంటే బావుండేది," అని డాక్టరమ్మ లోపలికి వెళ్ళిపోయింది.

సాయంత్రం ఒక్కరినే లోపలికి రానిచ్చారు. బాబాయి అమ్మాయినే పంపాడు. పిన్ని మంచం పక్కన నిలబడగానే అమ్మాయికి ఏడుపు ఆగలేదు.

"నాకు సోమవారమే తెలిసింది పిన్నీ. తిడతావని గట్టిగా చెప్పలేదు."

పిన్ని పైకప్పు వైపు చూపు తిప్పుకుంది.

"నాకు ఆదివారమే తెలిసిందే," అంది. "ఏదో తేడాగా ఉందని. శుక్రవారం మీ బాబాయికి గుండె చెకప్ ఉంది కదా, అదయ్యాక నా సంగతి చూసుకుందాంలే అనుకున్నాను." ఊపిరి కూడదీసుకుంది. "ఆయన చెకప్ చీటీ నా సంచిలో ఉంది. ఆయన మర్చిపోతాడు. రేపు ఆయన్ని నువ్వు తీసుకెళ్ళు."

"ఆయనే వెళ్తాడు," అంది అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ. "నువ్వు పడుకో."