కారు కింద ఖాళీ

మా మరమ్మతు షెడ్డు గుంటలో దిగి కారు అడుగు చూశాను. గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాలకు శక్తిని మోయవలసిన పొడవాటి షాఫ్ట్ లేదు. దాని రంధ్రంలో ట్యూబు ముక్క కుక్కి తీగతో బిగించారు. చుట్టూ ఆయిలూ బురదా కలిసి చీములా కారుతున్నాయి.

గుంట గట్టు మీద నర్సు న్యాగుథి నిలబడి ఉంది. ప్రతి గురువారం టీకాల పెట్టెతో కొండ మీది పల్లెకు వెళుతుంది. పోయిన వారం వానలో కారు వెనక్కి జారి లోయ అంచున ఆగింది. రేపు మళ్ళీ గురువారం.

"నాలుగు చక్రాలూ లాగుతాయని కొన్నాను మేస్త్రీ. మా ఇంటి గాడిద నయం. రేపు ఎక్కుతుందా, చెప్పు."

నా భాగస్వామి కిహోరో గుంటలోకి వంగి గొంతు తగ్గించాడు.

"నోరు మూసుకుని ఆయిల్ మార్చి పంపెయ్. పోయిన నెల సర్వీసులో షాఫ్ట్ నేనే తీశాను. పెట్రోలు తాగేస్తోందని ఒకటే గొడవ. ఇప్పుడు తగ్గిందని మెచ్చుకుంది కూడా."

"అడిగి తీశావా?"

"అడిగితే ఒప్పుకుంటుందా? పాస్టరుగారిలా మాట్లాడకు. నువ్వు తియ్యలేదూ?"

తీశాను. మా కినంగోప్ ప్రాంతంలో మేస్త్రీలందరం తీస్తాం. ఆ షాఫ్ట్ మధ్య ఒక డబ్బా ఉంటుంది. అందులో పలుచని రేకులు, జిగట నూనె. ముందు చక్రాలు జారి ఊరికే తిరిగితే నూనె వేడెక్కి రేకులను బిగించేస్తుంది, వెనక చక్రాలకు శక్తి అందుతుంది. ఎండలో అది దండగ బరువు. జారే క్షణం కోసమే అది ఉన్నది. యజమానులు అడిగితేనే తీశానని నన్ను నేను సమర్థించుకునేవాణ్ణి. కానీ ఆ కార్లను తరువాత కొన్నవాళ్ళు నన్నేమీ అడగలేదు. వెనక తలుపు మీది, నాలుగు చక్రాలూ లాగుతాయనే గుర్తును నేను ఏనాడూ పీకలేదు. కిహోరో మీద పుట్టిన రోత అతని దగ్గర ఆగలేదు.

పైకెక్కి ఆమెకు అంతా చెప్పాను, నా సంగతితో సహా.

"ఆ షాఫ్ట్ ఏది?" అంది.

"తుక్కుకి పోయింది సిస్టర్," అన్నాడు కిహోరో, ఎటో చూస్తూ.

"ఇంకోటి నైరోబీ నుంచి రావాలి," అన్నాను. "అందాకా కొండెక్కకండి."

"పిల్లలు కిందికి దిగి వస్తారా?"

నేను చేతుల ఆయిల్ గుడ్డకు తుడుచుకున్నాను.

"పొద్దున్నే ఏడింటికి బూట్లేసుకుని రా. నడిచే వెళ్దాం. పెట్టె నువ్వు మోస్తావు."

"సరే సిస్టర్."

నిజం చెప్పినందుకు ఆమె మెచ్చుకోలేదు. ఆ రోజు నాకు రోత పుట్టించని సంగతి అదొక్కటే.