ఎగరని పౌరుడు

ఆన్సెల్మ్ విద్యుత్తు పుట్టించే గాజుగోళం పిడి తిప్పుతూనే ఉన్నాడు. గోళం గిర్రున తిరుగుతోంది, తోలుదిండు దాన్ని రాసుకుంటూ కీచుమంటోంది, నిప్పురవ్వ జాడ మాత్రం లేదు. రువాన్ ఊరికి ముసురు పట్టింది. తడిగాలిలో విద్యుత్తు నిలవదు.

ఇరవై ఏళ్లుగా అతనికి అదే పని. కుడిభుజం లావెక్కి, చొక్కాలన్నీ ఆ వైపే చిరిగేవి. రాజుగారి రోజుల్లో ప్రభువులూ వారి భార్యలూ చేతులు పట్టుకుని వలయంగా నిలబడేవారు. సీసాలో నిలవచేసిన విద్యుత్తు తగలగానే ఎగిరిపడి నవ్వుకునేవారు. పిడి తిప్పేవాడి చెయ్యి ఎవరూ పట్టుకోలేదు.

విప్లవం వచ్చింది, ఇప్పుడు రాజు లేడు. ఈ ప్రదర్శనలిచ్చే దుక్రే పండితుడు ప్రభువుల మనిషేనని వార్డు కమిటీకి అనుమానం. దాని అధ్యక్షుడు బోనిఫాస్, వృత్తిరీత్యా కసాయి, ఒక పరీక్ష కనిపెట్టాడు. సీసాలోని విద్యుత్తు స్వేచ్ఛాగ్ని అట, అది దేశభక్తుల ఒంట్లోంచే పారుతుందట. వలయంలో ఎగరనివాడు ద్రోహి, వాడికి జైలే. సమానత్వం వచ్చింది కాబట్టి పిడివాడూ నిలబడాలన్నాడు.

ఆన్సెల్మ్ పొంగిపోయాడు. చేతులు రుద్ది రుద్ది కడుక్కుని, ఇటు బోనిఫాస్ చెయ్యి, అటు రొట్టెలమ్మే మార్గో చెయ్యి పట్టుకున్నాడు. దుక్రే సీసా కొస తాకాడు.

అందరూ ఎగిరారు. బోనిఫాస్ మూరెడు లేచి పడ్డాడు. ఆన్సెల్మ్ ఒక్కడే కదలకుండా తన వంతు కోసం ఎదురుచూస్తున్నాడు.

"ఏం పౌరుడా, నువ్వెందుకు ఎగరలేదు?" అన్నాడు బోనిఫాస్.

"ఇంకా రాలేదు కదండీ. సీసా ఖాళీ."

"ఖాళీ అయితే మేమంతా ఎందుకు ఎగిరాం?"

"నేనూ అదే అడుగుదామనుకుంటున్నానండీ."

ఇతన్ని ద్రోహి అంటే విచారణ జరపాలి. జరిపితే సీసా సంగతి బయటపడుతుంది. అందరికన్నా ఎత్తు ఎగిరింది అధ్యక్షుడు. బోనిఫాస్ నుదురు తుడుచుకుని ఆన్సెల్మ్‌ను కౌగిలించుకున్నాడు. పిడుగుకే చలించని ఇలాంటి వీరుడు ఉండాల్సింది యుద్ధం జరిగే సరిహద్దులో అని ప్రకటించాడు. చప్పట్లు మోగాయి. గట్టిగా కొట్టింది దుక్రే.

సరిహద్దుకు వెళ్లే బండి వీధి చివర సిద్ధంగా ఉంది. అక్కడిదాకా మార్గో అతని చెయ్యి వదల్లేదు.

"నాకూ ఏం తగల్లేదయ్యా," అంది మెల్లగా.

"తెలుసులే. నా చెయ్యి దాటి రావాలిగా."

బండి వానలో కలిసిపోయింది. ప్రదర్శన గది కిటికీ గట్టు మీద, అతను ఒకసారి కొరికి పెట్టిన ఉల్లిపాయ పక్కన, తర్వాత తిందామని దాచుకున్న సగం రొట్టె తడిగాలికి మెత్తబడుతూ ఉంది.