ఖాళీ గొట్టంలో సార్డీన్

హోబార్ట్ నగరంలోని ల్యాబ్ నుంచి ఫలితాలు మంగళవారం ఉదయం వచ్చాయి. పది పెంగ్విన్ గూళ్ల నుంచి తీసిన రెట్టలో, ఎనిమిది గూళ్లవాటిలో సార్డీన్ చేప డీఎన్ఏ ఉంది. ఆ పెంగ్విన్ల మీద పరిశోధన చేస్తున్న థియా లాండర్ కోరుకున్నది అదే. ఆ వరుస కింద ఇంకో వరుస ఉంది. అది పదకొండో గొట్టానిది. అందులో రెట్ట వేయలేదు. కొత్త గుడ్డ మీద చెంచాతో గీకి, ఆ చెంచాను ముంచిన మందునీళ్లు మాత్రమే అందులో ఉన్నాయి. పని శుభ్రంగా జరిగిందో లేదో తెలియడానికి ప్రతిసారీ అలా ఒక ఖాళీ గొట్టం పంపుతారు.

దానిలోనూ సార్డీన్ ఉంది. అంటే మిగతా పదీ పనికిరావు.

మర్రియట్ బే అనే అఖాతం పక్కన కొండకొమ్ము మీద ఆ ఏడాది పెంగ్విన్ పిల్లలు బరువు పెరగడం లేదు. తల్లీతండ్రీ వంతులు వేసుకుంటాయి. ఒకటి గూట్లో కాపలా ఉంటే రెండోది వేటకు పోతుంది. ఎప్పుడూ అదే రోజు చీకటి పడేసరికి తిరిగొచ్చేవి, ఈసారి రెండు మూడు రోజులు రావడం లేదు. బేలో సార్డీన్ వలలు వేసే నాలుగు బోట్లే దీనికి కారణమని థియా అనుమానం. పెంగ్విన్లు తింటున్నది ఆ చేపనే అని తేలితే, పిల్లలు సముద్రంలోకి దిగేదాకా, అంటే ఫిబ్రవరి చివరిదాకా, వలలు ఆపుతారు. దాన్ని తేల్చే సమావేశం వచ్చే బుధవారం.

థియా మత్స్యశాఖ అధికారి ఆరెన్ ట్రెగెల్లాస్‌కు ఫోన్ చేసి ఖాళీ గొట్టం సంగతి చెప్పింది.

"అయితే పాత పద్ధతే. గురువారం మావాళ్లు వచ్చి కడుపులు కడుగుతారు. ఇరవై పక్షులు చాలు" అన్నాడు అతను.

కడుపు కడగడమంటే పక్షి గొంతులోకి రబ్బరు గొట్టం దించి నీళ్లు పోయడం. తిన్నదంతా కక్కేస్తుంది. అది కక్కేది పిల్లల కోసం మోసుకొచ్చిన తిండి.

"ఈ బరువులో ఉన్న పిల్లలకు ఒక్క పూట తిండి పోతే ఏమవుతుందో మీకు తెలుసు కదా?"

"తెలుసు. అందుకే ఒక అవకాశం ఇస్తున్నా. రేపు మూడింటి వ్యానులో కనీసం ఎనిమిది శుభ్రమైన గొట్టాలు హోబార్ట్‌కు రావాలి. ఏడు వస్తే నేనేం చేయలేను."

థియా ఫోన్ పెట్టేసి మెర్విన్ ఫాస్కెట్ షెడ్‌కు వెళ్లింది. ఆ నాలుగు బోట్లలో ఒకటి మెర్విన్‌ది. కొండకొమ్ము మీది గూటి పెట్టెలు చేసిందీ అతనే. అక్కడికి దగ్గరలో కుళాయి ఉన్నది ఆ షెడ్‌లోనే, అందుకని థియా తన సామాను అక్కడ పెట్టుకునేది. ఆమె వెళ్లేసరికి అతను తాళ్లు చుడుతున్నాడు.

"మెర్వ్, నా చెంచాలు ఎవరైనా ముట్టుకున్నారా?"

"ఎవరు ముట్టుకుంటారు? నేనే కడిగా."

"కడిగావా? బ్లీచ్‌లో నానబెట్టి ఆరబెట్టానయ్యా వాటిని!"

"అందుకే కడిగా. ఈతకొలనులా కంపు కొడుతున్నాయి. ఆ కంపుతో గూట్లో చెయ్యి పెడితే పక్షి బెదిరిపోదూ? రెండుసార్లు కడిగి, తుడిచి మరీ పెట్టా."

"ఎక్కడ కడిగావు?"

మెర్విన్ సింకు వైపు చూశాడు. రొయ్యల బుట్టల్లో ఎరగా పెట్టే, గడ్డకట్టించిన సార్డీన్ దిమ్మ ఒకటి అందులో కరుగుతోంది. రోజూ పొద్దున అక్కడే కరుగుతుంది. తుడిచిన గుడ్డ దాని పక్కనే వేలాడుతోంది.

అతను తాడు కింద పెట్టాడు.

"ఏమొచ్చింది?"

"పదింటిలో ఎనిమిదింటికి సార్డీన్. ఖాళీ గొట్టానికి కూడా."

"అంటే నా సింకు కంపుతో నా వలే ఆపించేదానివి."

"ఆపించేదాన్నైతే నీకు చెప్పడానికి వస్తానా?"

"ఆ ఖాళీ గొట్టం లేకపోతే?"

థియా తన పాత చెంచాలన్నీ ఏరి పారేసే సంచిలో వేసింది. కొత్త చెంచాలు సాయంత్రానికి వస్తాయని, ఒక్కొక్కటి సీలు వేసిన కవరులో ఉంటుందని, రేపు మళ్లీ తీస్తున్నానని చెప్పింది.

"రేపు చెంచా నేను పట్టుకుంటా డాక్టరమ్మా" అన్నాడు మెర్విన్.

"ఇంత జరిగాకా?"

"ఇంత జరిగింది కాబట్టే. గొట్టం నువ్వు పట్టుకో. నా చేతులు నువ్వు చూడు, నీ చేతులు నేను చూస్తా."

బుధవారం నైరుతి గాలి వీచింది. పెంగ్విన్లు కాపలా ఉన్న గూళ్లు పన్నెండు. పొద్దున్నే ప్రతి పెట్టెలో ద్వారం దగ్గర ఒక కొత్త మ్యాట్ పరిచారు. గంటకోసారి మూత కొద్దిగా ఎత్తి చూడడం, రెట్ట ఉంటే గీకి గొట్టంలో వేయడం, మూత దించడం. పక్షిని ముట్టుకోకూడదు. ప్రతి గూటికీ కొత్త చెంచా, కొత్త చేతి తొడుగులు. అన్నిటికంటే ముందు మెర్విన్ కొత్త గుడ్డ మీద గీకి ఖాళీ గొట్టం నింపాడు. మూత బిగించేదాకా థియా అతని వేళ్ల మీంచి చూపు తిప్పలేదు.

మొదటి నాలుగూ తొందరగానే వచ్చాయి. ఐదోది గొట్టంలో వేశాక మెర్విన్ ఆగిపోయాడు. తన జాకెట్ చేతి అంచుకు ఒక చేప పొలుసు అంటుకుని ఉంది. థియా అప్పుడు గొట్టం మీద గూటి నంబరు రాస్తోంది, చూడలేదు.

"పారెయ్" అన్నాడు అతను.

"ఏమైంది?"

చెయ్యి ముందుకు చాపి చూపించాడు. ఆమె ఆ గొట్టాన్ని పక్కన పెట్టేసింది. అతను జాకెట్ విప్పి దూరంగా రాయి కింద పెట్టి, నీళ్ల డబ్బా తెచ్చి మోచేతుల దాకా కడుక్కున్నాడు. అక్కడి నుంచి ఆ గాలిలో చొక్కాతోనే పనిచేశాడు.

మధ్యాహ్నానికి పని మందగించింది. వేటకు వెళ్లింది తిరిగి రాకపోతే గూట్లో ఉన్నది పస్తు ఉంటుంది. పస్తున్న పక్షికి రెట్ట ఎక్కడి నుంచి వస్తుంది? నాలుగు పెట్టెల్లో మ్యాట్లు పొద్దున పరిచినట్టే ఉన్నాయి. రెండయ్యేసరికి చేతిలో ఏడు గొట్టాలు ఉన్నాయి. వ్యాను ఆగే చోటికి కారులో ఇరవై నిమిషాలు.

మిగిలిన వాటిలో తొమ్మిదో పెట్టె మీద ఆశ ఉంది. అందులోని పక్షి ముందురోజు చీకటి పడ్డాక సముద్రం నుంచి వచ్చింది. ఇద్దరూ గాలికి అడ్డంగా ఉన్న పొద వెనక కూర్చున్నారు. థియా సంచిలోంచి స్కాలప్ అనే సముద్రపు గుల్ల మాంసం కూరిన పేస్ట్రీ తీసింది.

"తినకు" అన్నాడు మెర్విన్.

"స్కాలప్ చేప కాదు మెర్వ్."

"నాకు చెబుతున్నావా? అయినా తినకు."

ఆమె దాన్ని లోపల పెట్టేసింది. రెండుంబావు అయింది.

"మూత మీద ఒక్కసారి తడితే వేసేస్తుంది" అన్నాడు అతను.

"తట్టకూడదు."

"నాకేం? ఎనిమిది రాకపోతే నాకే మంచిది. వల ఇంకొన్నాళ్లు ఆగదు."

"అవును. కానీ రేపు రబ్బరు గొట్టం దించేది దీని గొంతులోనే."

అతను పెట్టె వైపు చూస్తూ ఉండిపోయాడు. తట్టడానికి మాత్రం లేవలేదు. థియా కారు తాళాలు చేతిలోకి తీసుకుంది.

పెట్టెలో గీరుకున్న చప్పుడైంది. పక్షి ద్వారం దాకా వచ్చి, వెనక్కి తిరిగి, తోక ఎత్తి చిమ్మింది. సగం గడ్డి మీద పడింది. సగం మ్యాట్ అంచు మీద పడింది. మెర్విన్ అప్పటికే మోకాళ్ల మీద ఉన్నాడు.

"గడ్డి మీదది వద్దు" అంది థియా.

"తెలుసు. గొట్టం దగ్గరికి తే. ఇంకా దగ్గరికి. వణక్కు."

"వణికేది నువ్వు."

"చలికి."

చెంచా చివర గోరంత వచ్చింది. అది చాలు. వ్యాను తలుపు వేస్తుండగా వాళ్లు చేరారు.

సోమవారం ఫలితాలు వచ్చాయి. థియా ముందు ఆఖరి వరుస చూసింది. ఖాళీ గొట్టంలో ఏమీ లేదు. ఎనిమిది గొట్టాల్లో ఆరింటిలో సార్డీన్ ఉంది. ఆమె మెర్విన్‌కు ఫోన్ చేసి చెప్పింది. అతను "సరే" అని పెట్టేశాడు.

బుధవారం సమావేశానికి హాలు నిండింది. ట్రెగెల్లాస్ ఫలితాలు చదివాడు. ఇంకో బోటు యజమాని బ్రాంట్ కలీ వెనక వరుసలోంచి లేచాడు.

"ఒక్క అనుమానం సార్. ఈసారి కూడా మెర్వ్ సింకులోనే కడిగారా?"

హాలంతా నవ్వింది. సింకు సంగతి ఊరంతటికీ తెలుసు. కానీ ఆ నవ్వుతో ఫలితాలు పోయేలా ఉన్నాయి. ట్రెగెల్లాస్ కాగితం దించి థియా వైపు చూశాడు. ఆమె కొత్త చెంచాల గురించి, ఖాళీ గొట్టం గురించి చెప్పడం మొదలుపెట్టింది. "మీరు చెప్పడం కాదమ్మా, పోయినసారీ మీరే తీశారు కదా" అన్నాడు బ్రాంట్. మళ్లీ నవ్వారు.

మెర్విన్ లేచాడు. అతను లేస్తాడని ఎవరూ అనుకోలేదు.

"గీకింది నేను. ఎనిమిదీ నేనే. చెంచాలు నా కళ్లముందు కవరులోంచి తీశారు. అనుమానం వచ్చినదాన్ని అక్కడే పారేయించా. తప్పు దొరుకుతుందేమోనని ఆరోజు పొద్దుటి నుంచీ వెతుకుతూనే ఉన్నా. దొరకలేదు."

"నీ బోటు కూడా ఆగుతుంది, తెలుస్తోందా?" అన్నాడు బ్రాంట్.

"నాకు తెలివి ఉంది, నువ్వు కూర్చో."

ఫిబ్రవరి చివరిదాకా బేలో వలలు వేయకూడదని తీర్మానం అయింది. ట్రెగెల్లాస్ దాన్ని పూర్తిగా చదవకముందే మెర్విన్ బయటికి నడిచాడు. థియా వెనకే వెళ్లింది.

"మెర్వ్..."

"ఇప్పుడేం చెప్పకు. ఫిబ్రవరి అయ్యాక చెప్పు."

అతను జెట్టీ మీదికి వెళ్లి బోటులోంచి వల దించడం మొదలుపెట్టాడు. అది ఇద్దరు చేసే పని. మిగతా బోట్ల వాళ్లు హాలు మెట్ల మీద నిలబడి చూస్తున్నారు, ఎవరూ రాలేదు. థియా వెళ్లి రెండో కొస పట్టుకుంది. అతను రమ్మనలేదు, పొమ్మనలేదు. వల అంతా ఒడ్డుకు చేరేదాకా ఇద్దరూ లాగారు.